వారం వారం నీళ్లు మారుస్తున్నా అక్వేరియంలో నైట్రేట్ తగ్గడం లేదు

గోపాలపూర్ వాసి, హనుమకొండ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న మంచినీటి అక్వేరియం ఉంది. అడుగున పరిచిన గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను అందులో నికరంగా 100 లీటర్ల నీళ్లు పడతాయి. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, అడుగున చేరిన చెత్తంతా తినేస్తుందని దుకాణంలో చెప్పగా తెచ్చిన ఒక సక్కర్ చేప ఉన్నాయి. లోపల అమర్చే పవర్ ఫిల్టర్, ఒక ఎయిర్ పంపు రాత్రింబవళ్లు నడుస్తాయి. మొక్కలు ప్లాస్టిక్‌వి మాత్రమే. ప్రతి ఆదివారం పావు వంతు నీళ్లు తీసేసి మా బోరు నీళ్లు నింపుతున్నాను.

చూడడానికి తొట్టి శుభ్రంగానే ఉంటుంది. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. అయితే ఈ మధ్య తెచ్చిన కొత్త చేపలు వారం తిరక్కుండానే చనిపోతున్నాయి. పాతవి మాత్రం మామూలుగానే తిరుగుతున్నాయి. కారణం అంతుపట్టక చుక్కలతో నీటిని పరీక్షించే ఏపీఐ కంపెనీ కిట్ తెప్పించి చూశాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చాయి. నైట్రేట్ గొట్టం మాత్రం ముదురు ఎరుపుకు తిరిగింది. రంగుల పట్టీ పక్కన పెట్టి చూస్తే లీటరుకు 80 మిల్లీగ్రాములకూ 160కీ మధ్య ఎక్కడో ఉన్నట్టుంది గానీ ఆ రెండు ఎరుపుల తేడా నా కంటికి ఆనడం లేదు. నీళ్లు మార్చిన మరునాడు చూసినా రంగులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

ఎక్కడ చదివినా నీళ్లు మార్చమనే సలహాయే ఉంది. మారుస్తూనే ఉన్నాను కదా! ఇక చేయవలసినది ఏమిటి? మందు ఏదైనా పోస్తే తగ్గుతుందా? ఎండాకాలంలో ఇక్కడి వేడికి పరిస్థితి ఇంకా దిగజారుతుందేమోనని ఆందోళనగా ఉంది. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కాజీపేట మత్స్యాభిమాని

నమస్కారం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావడం మంచి విషయం. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఫిల్టర్ స్పాంజిలోని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, ఆ తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పని మీ తొట్టిలో సక్రమంగా జరుగుతోంది. నైట్రేట్ దగ్గరికి వచ్చేసరికి ఆ దారి ఆగిపోతుంది. మామూలు తొట్టిలో దానిని వాడుకునే మొక్కలైనా ఉండాలి, లేదా మనం తీసే నీళ్లతో పాటు అది బయటికైనా పోవాలి. రెండూ చాలినంతగా లేనప్పుడు పేరుకుంటూనే ఉంటుంది.

మందు గురించి ఆలోచించే ముందు కొలతను సరిచూసుకోండి. ఆ కిట్‌లో నైట్రేట్‌కు రెండు సీసాలు ఉంటాయి. రెండో సీసాలోని మందు నిలవ ఉన్నకొద్దీ అడుగున గడ్డకడుతుంది. దానిని కనీసం అర నిమిషం బలంగా కుదపకుండా చుక్కలు వేస్తే అసలు కంటే తక్కువ చూపిస్తుంది. 5 మి.లీ. నీటిలో మొదటి సీసా నుంచి 10 చుక్కలు వేసి తిరగేసి కలపాలి. తరువాత రెండో సీసాను కుదిపి 10 చుక్కలు వేసి, గొట్టాన్ని నిమిషం పాటు ఆపకుండా కుదిపి, 5 నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. రంగుల ట్యూబ్‌లైటు కింద చూస్తే నారింజ కూడా ఎరుపులాగే కనిపిస్తుంది.

ఎరుపుల మధ్య తేడా తెలియకపోవడం అందరికీ ఉన్న ఇబ్బందే. దానికి ఒక మార్గం ఉంది. సూది లేని సిరంజితో 1 మి.లీ. తొట్టి నీళ్లు తీసుకుని, దానికి 4 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించండి. వచ్చిన అంకెను 5తో గుణించండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఇందుకు సరిపోతుంది. బ్యాటరీ యాసిడ్ డబ్బా కాదని మాత్రం రూఢి చేసుకోండి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మీరు తొట్టిని మాత్రమే పరీక్షించినట్టున్నారు. తొట్టిలో పోసే బోరు నీళ్లను విడిగా పరీక్షించి ఆ అంకె ఇక్కడ రాయండి. మీ వీధికి కార్పొరేషన్ నల్లా ఉంటే ఆ నీళ్లను, క్యాన్ నీళ్లు తెప్పించుకుంటే వాటిని కూడా చూడండి. అవి తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది ఊహే అవుతుంది.

గోపాలపూర్ వాసి

మీరు చెప్పిన పద్ధతిలోనే పరీక్షించాను. కలిపిన నీటిలో రంగు 20 దాటి, 40కి తక్కువగా, 20కే దగ్గరగా వచ్చింది. అంటే తొట్టిలో సుమారు 120 ఉన్నట్టు లెక్క. నన్ను కలవరపెట్టినది బోరు ఫలితం. తొట్టితో సంబంధం లేని ఆ నీళ్లలోనే 40 వచ్చింది. నల్లా నీళ్లు దాదాపు పసుపుగానే ఉండిపోయాయి, 5 అనుకోవచ్చు. క్యాన్ నీళ్లు కూడా అంతే.

మేము తాగడానికి నల్లా నీళ్లే పడతాం గానీ నల్లా రాని రోజు వంటకు బోరు నీళ్లు వాడడం ఇంట్లో అలవాటు. పైగా మా అక్క కాన్పుకు వచ్చి ఇక్కడే ఉంది. బాబుకు డబ్బా పాలు కలుపుతున్నారు. చేపల సంగతి అటుంచితే, ఈ 40 అన్న అంకె మనుషులకు ప్రమాదమా?

నీటిలెక్క

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములకు మించకూడదు. మీ బోరు ఆ గీతకు దగ్గరలో ఉంది. అక్వేరియం కిట్ రంగును కంటితో పోల్చి చూసేదే కాబట్టి 40 అని కనిపించినది నిజానికి 35 కావచ్చు, 50 కూడా కావచ్చు. ఆరు నెలల లోపు పసిబిడ్డల శరీరంలో నైట్రేట్ నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఆ గీత గీయడానికి ప్రధాన కారణం అదే. కాబట్టి ల్యాబ్ ఫలితం వచ్చే వరకు బాబుకు పాలు కలపడానికి బోరు నీళ్లు వాడవద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. మరిగించి వాడుతున్నాం కదా అనుకోకూడదు. మరిగిస్తే క్రిములు పోతాయి గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. పటిక వేసినా, గుడ్డతో వడగట్టినా, రాత్రంతా నిలవ ఉంచినా ఇది తగ్గదు. ఒక సీసా బోరు నీటిని నీటి పరీక్షా ప్రయోగశాలకు ఇచ్చి లిఖితపూర్వకంగా నివేదిక తీసుకోండి.

బోరులోకి నైట్రేట్ ఎలా వచ్చిందన్నది కూడా చెప్పుకోవాలి. మన వరంగల్ ప్రాంతమంతా గ్రానైట్ రాతి నేల. భూగర్భ జలం పై పొరలోని శిథిల రాతిలో, దాని కింది పగుళ్లలో నిలుస్తుంది. కాలనీల్లో సెప్టిక్ ట్యాంకులు, ఇంకుడు గుంతల్లోకి వదిలిన మురుగు, ఊరి శివార్లలో పొలాలకు చల్లే యూరియా, పెంటకుప్పలు, వీటన్నిటి నత్రజని చివరికి నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ మట్టికి అంటుకుని ఆగదు, వాన నీటితో పాటు నేరుగా కిందికి దిగుతుంది. అందువల్ల ఒకే వీధిలో రెండు బోర్లకు వేర్వేరు ఫలితాలు రావచ్చు, వానాకాలం తరువాత అదే బోరు అంకె మారవచ్చు. నల్లా నీళ్ల సంగతి వేరు. దేవాదుల ఎత్తిపోతల ద్వారా ధర్మసాగర్ జలాశయానికి వచ్చే గోదావరి నీళ్లు, భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల నీళ్లు మన నగరానికి ఆధారం. ఉపరితల జలాల్లో సాధారణంగా నైట్రేట్ తక్కువే ఉంటుంది. మీ కిట్ చూపిన తేడాకు ఇదే కారణం.

ఇక తొట్టి సంగతి. మీరు ఇంతకాలం చేసిన పని ఉప్పెక్కువైన చారులో ఉప్పునీళ్లే పోసి పలుచన చేయబోవడం వంటిది. 40 ఉన్న నీళ్లతో ఎన్నిసార్లు మార్చినా, చివరికి మొత్తం నీళ్లు మార్చినా తొట్టి 40 కంటే కిందికి దిగదు. మరునాడు రంగు మారకపోవడానికీ కారణం తేలికే. 120లో మూడు వంతులు 90, దానికి బోరు తెచ్చిన 10 కలిపితే 100. ఈ రెండు ఎరుపుల తేడాను ఆ కిట్‌తో ఏ కన్నూ పట్టలేదు.

ప్రతి వారం ఒకే పరిమాణంలో నీళ్లు మారుస్తూ, ఒకే పరిమాణంలో మేత వేస్తూ పోతే నైట్రేట్ అంతులేకుండా పెరగదు. ఒక చోట స్థిరపడుతుంది. ఆ చోటును లెక్క కట్టవచ్చు. వారంలో తొట్టిలో కొత్తగా పుట్టే నైట్రేట్‌ను, మీరు మార్చే నీటి వంతుతో భాగించి, దానికి పోసే నీటిలోని నైట్రేట్‌ను కలపండి. నీళ్లు మార్చబోయే ముందు తొట్టిలో ఉండే అంకె అదే. మీ విషయంలో 120లో బోరు వాటా 40 తీసేస్తే 80 మిగులుతుంది. పావు వంతు మారుస్తున్నారు కాబట్టి వారానికి పుట్టేది అందులో పావు, అంటే 20. ఈ ఒక్క అంకె తెలిశాక మిగతావన్నీ తేటపడతాయి. బోరు నీళ్లతోనే సగం సగం మారిస్తే 80 దగ్గర ఆగుతుంది. నల్లా నీళ్లకు మారి పావు వంతే మారిస్తే 85. నల్లా నీళ్లతో సగం మారిస్తే 45. దానితో పాటు మేతను సగానికి తగ్గిస్తే 25. నీళ్లు మార్చిన వెంటనే చూస్తే అది 15 అవుతుంది. ఏ ఒక్క మార్పూ ఒంటరిగా చాలదని, మూడూ కలిస్తే సమస్య తీరుతుందని ఈ అంకెలే చెబుతున్నాయి.

మేతను ఎందుకు పట్టుకున్నానంటే, బోరు వాటా పోగా మిగిలిన నైట్రేట్ దాదాపు అంతా మేత డబ్బాలో నుంచి వచ్చినదే. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. 40 శాతం మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే 64 మిల్లీగ్రాముల నత్రజని నీళ్లలోకి దిగినట్టు. అందులో కొంత చేప ఒంటికి పట్టినా, మిగిలినది నైట్రేట్‌గా మారితే 100 లీటర్ల తొట్టిలో లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మీ తొట్టిలో వారానికి 20 పుడుతోందంటే సుమారు 10 గ్రాముల మేత పడుతోందని అర్థం. దీనిని సరిచూడడం కష్టం కాదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద మేత డబ్బాను మూతతో సహా ఒక ఆదివారం తూచండి, మళ్లీ ఆదివారం తూచండి. ఇంట్లో ఎవరెవరు చిటికెడు చిటికెడు వేస్తున్నారో ఆ తేడాలో బయటపడుతుంది. గోల్డ్ ఫిష్ ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టు అద్దం దగ్గరికి వస్తుంది, అది దాని స్వభావం. పూటకు ఒకటి రెండు నిమిషాల్లో తినేయగలిగినంత వేసి, వారంలో ఒక రోజు మేత ఆపితే వాటికి ఏ లోటూ ఉండదు.

సక్కర్ చేప విషయంలో దుకాణంలో చెప్పిన మాట నిజం కాదు. అది పాచి తింటుంది గానీ మిగతా చేపల మలం తినదు. పైగా పెద్దదయ్యేకొద్దీ అందరికంటే ఎక్కువ విసర్జించేది అదే. అలాగని తీసుకెళ్లి చెరువులో మాత్రం వదలకండి. అది మన నేల చేప కాదు, చెరువుల్లో పెరిగి స్థానిక చేపలకు, జాలర్ల వలలకు నష్టం చేస్తుంది. పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి.

మంచిర్యాల మిత్రుడు

ఇంత లెక్క ఎందుకన్నది నా అభిప్రాయం. నైట్రేట్‌ను పీల్చుకునే రెజిన్ సంచులు దొరుకుతున్నాయి. ఫిల్టర్‌లో పెట్టి, నిండిన తరువాత ఉప్పునీటిలో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. నీళ్లు మోసే శ్రమ తప్పుతుంది కదా.

నీటిలెక్క

రెజిన్ పని చేస్తుంది, కాదనను. కానీ మామూలు రెజిన్‌కు నైట్రేట్ కంటే సల్ఫేట్ మీద మక్కువ ఎక్కువ. లవణాలు ఎక్కువగా ఉండే బోరు నీటిలో సల్ఫేట్ కూడా ఉంటే రెజిన్‌లో సింహభాగం దానితోనే నిండిపోతుంది. తరచూ ఉప్పునీటిలో కడగవలసి వస్తుంది. అన్నిటికంటే పెద్ద లోపం, నీళ్లు మార్చడం వల్ల నైట్రేట్‌తో పాటు ఫాస్ఫేట్, కరిగి ఉన్న ఇతర మలినాలు కూడా బయటికి పోతాయి. ఖర్చయిపోయిన ఖనిజాలు కొత్త నీటితో తిరిగి వస్తాయి. రెజిన్ ఆ పని చేయదు. మంచి నీళ్లు దొరకే మార్గమే లేని చోట, బోరు నీటిని తొట్టిలో పోసే ముందే డ్రమ్ములో శుద్ధి చేసుకోవడానికి దానిని వాడడం సమంజసం. హనుమకొండలో నల్లా నీళ్లు ఉండగా అది మొదటి మార్గం కాకూడదు.

గోపాలపూర్ మిత్రులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 120 నుంచి 20కి ఒక్క రోజులో దించాలని తొట్టి మొత్తం ఖాళీ చేయకండి. నైట్రేట్ తగ్గడం వల్ల చేపకు హాని లేదు, కానీ ఏళ్ల తరబడి ఒకే తీరున నడిచిన తొట్టిలో లవణాల మోతాదు, పీహెచ్ కొత్త నీటికి చాలా భిన్నంగా ఉంటాయి. నైట్రేట్ తయారయ్యే క్రమంలో నీటిలోని క్షారగుణం ఖర్చవుతుంది. అది బాగా పడిపోయిన తొట్టిలో ఫిల్టర్ బ్యాక్టీరియా మందగించి, అమ్మోనియా హాని తక్కువ రూపంలో నిలిచి ఉంటుంది. ఒక్కసారిగా పీహెచ్ పెరిగితే అదే విషంగా మారుతుంది. మీ తొట్టిలో అమ్మోనియా సున్నా కాబట్టి ఆ రెండో ప్రమాదం లేదు. అయినా లవణాలు ఎక్కువగా ఉన్న గట్టి బోరు నీటి నుంచి, అవి తక్కువగా ఉన్న మెత్తని నల్లా నీటికి మారుతున్నారు కనుక, మొదటి రెండు మూడు వారాలు రెండు మూడు రోజులకోసారి పావు వంతు చొప్పున మార్చండి. నెల, నెలన్నర తిరిగేసరికి 30కి అటూఇటూగా వస్తుంది. కొత్త చేపలు చనిపోవడంలో కూడా ఈ తేడా పాత్ర ఉంటుంది. పాతవి నెలల తరబడి కొంచెం కొంచెంగా అలవాటుపడ్డాయి. దుకాణపు నీళ్లలో నుంచి వచ్చినది ఒక్క గంటలో ఆ మార్పునంతా తట్టుకోవలసి వస్తోంది. తొట్టి కుదుటపడే వరకు కొత్తవి తేకండి.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచితే పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం నల్లా కింద కడగవద్దు. బయటికి తీసిన తొట్టి నీళ్లలోనే బకెట్‌లో పిండండి. ఆ స్పాంజిలో చిక్కిన మలం కంటికి కనబడకపోయినా నీళ్లలో ఉన్నట్టే లెక్క. అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది కాబట్టి పక్షానికోసారైనా పిండాలి. సైఫన్ గొట్టాన్ని గులకరాళ్లలోకి గుచ్చి తీస్తే గోధుమ రంగు మడ్డి ఎంత వస్తుందో చూడండి. ఒక వారం ఎడమ సగం, మరో వారం కుడి సగం శుభ్రం చేస్తే చాలు.

వేసవి గురించి అడిగారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, నైట్రేట్ తొట్టిలోనే ఉండిపోతుంది. మీ తొట్టిలో ఒక సెంటీమీటరు మట్టం తగ్గితే సుమారు 2.75 లీటర్లు ఆవిరైనట్టు. ఆ లోటును బోరు నీటితో పూడిస్తే ప్రతి సెంటీమీటరుకూ ఒక మిల్లీగ్రాము చొప్పున నైట్రేట్ కలుస్తూ పోతుంది. కూలర్ గాలి తగిలే గదిలో ఇది చిన్న విషయం కాదు. ఆవిరైన నీటి లోటును క్యాన్ నీటితో భర్తీ చేయండి. అయితే వారం వారం మార్చడానికి పూర్తిగా క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లే వాడవద్దు, అందులో గోల్డ్ ఫిష్‌కు కావలసిన ఖనిజాలు తక్కువ. ఎండాకాలంలో చేపలు నీటి పైకి వచ్చి గుటకలు వేస్తుంటే దానిని నైట్రేట్ ఖాతాలో వేయకండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

హరితపత్రం, కరీంనగర్

నీటిలెక్క గారు చెప్పినదంతా సరైనదే. దానికి మొక్కలను జత చేయమని కోరుతున్నాను. ప్లాస్టిక్ మొక్కల స్థానంలో బతికిన మొక్కలు పెడితే అవి పెరిగిన మేరకు నత్రజనిని తమ ఒంటికి పట్టించుకుంటాయి. అమ్మోనియా దొరికితే ముందు దానినే తీసుకుంటాయి, కాబట్టి నైట్రేట్ పుట్టకముందే కొంత ఆగిపోతుంది.

మా ఇంట్లో అంతరతామర, మనీప్లాంట్ ఈ రెండింటినే నమ్ముకున్నాను. ఆకులు గాలిలో ఉండే మొక్కలకు బొగ్గుపులుసు వాయువు కొరత ఉండదు, అందుకే నీళ్లలో మునిగి ఉండే మొక్కల కంటే చాలా వేగంగా పెరుగుతాయి. ఎంత లాభమో స్థూలంగా చెప్పవచ్చు. అంతరతామరలో 95 శాతం నీరే. 100 గ్రాముల పచ్చి మొక్కలో ఎండు పదార్థం 5 గ్రాములు, అందులో నత్రజని 3 శాతం అనుకుంటే 150 మిల్లీగ్రాములు. అంటే వారానికి ఒక గుప్పెడు, 100 గ్రాముల పెరుగుదలను తీసి పారేయగలిగితే 100 లీటర్ల తొట్టిలో 6 మిల్లీగ్రాముల పైచిలుకు నైట్రేట్ బయటికి పోయినట్టే. తీసి పారేయడం అన్న మాటను గమనించండి. పసుపుబారిన ఆకులు, రాలిన వేళ్లు తొట్టిలోనే కుళ్లితే తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తాయి. తీసినవాటిని పూలకుండీల్లో వేయండి, చెరువులోనో కాలువలోనో వేయవద్దు. గుర్రపుడెక్క కూడా బాగా పీలుస్తుంది గానీ దానికి ఎండ కావాలి, ఇంటి లోపల నిలవదు.

గోల్డ్ ఫిష్ ఉన్న తొట్టిలో ఒక చిక్కు ఉంది. అంతరతామర వేళ్లు వాటికి ఇష్టమైన తిండి, రెండు రోజుల్లో కొరికి బోడి చేస్తాయి. తొట్టిలో ఒక మూల ప్లాస్టిక్ జాలీతో అడ్డుగట్టి మొక్కలను దాని వెనుక ఉంచాలి. మనీప్లాంట్‌కు ఆ అడ్డు మరీ అవసరం. కుండీలో నుంచి తీసిన తీగను మట్టి పూర్తిగా పోయేలా కడిగి, రెండు మూడు కణుపులు మాత్రమే నీటిలో ఉండేలా, ఆకులు తొట్టి బయటికి పాకేలా పెట్టండి. ఆకు నీటిలో మునిగితే కుళ్లుతుంది. మొదట్లో మట్టి వేళ్లు కొన్ని చీకి రాలిపోతాయి, వాటిని ఏరివేయండి. తరువాత తెల్లగా, సన్నటి నూగుతో పుట్టే నీటి వేళ్లే అసలు పని చేసేవి. అవి జానెడు పొడవు సాగాక కొలతలో మార్పు తెలుస్తుంది. కిటికీ ఎండ తొట్టి మీద నేరుగా పడనీయకండి. మన వేసవిలో నీళ్లు ఉడికినట్టవుతాయి, పాచి కమ్ముకుంటుంది. రోజుకు ఎనిమిది గంటలు వెలిగే ఎల్ఈడీ దీపం చాలు.

ఇంకొక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాలుగు గోల్డ్ ఫిష్‌లకు 100 లీటర్లు ఇరుకు. ఇప్పుడు వేలెడంత ఉన్నా అవి జానెడు దాకా పెరిగే జాతి. మొక్కలు, నీళ్లు, మేత అన్నీ సరిచేసినా అవి ఎదిగేకొద్దీ లెక్క మళ్లీ పైకి పోతుంది. వీలైతే రెండింటిని విశాలమైన తొట్టి ఉన్న బంధువులకు ఇవ్వండి. తీసిన తొట్టి నీళ్లను మల్లె, మందార కుండీలకు పోయండి, వాటికి మంచి ఎరువు.

గోపాలపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మేత డబ్బాను తూచి చూస్తే వారానికి 11 గ్రాములు తగ్గింది. లెక్క అంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు. ఇక మీదట పిల్లలు కాకుండా నేనొక్కడినే మేత వేసేలా డబ్బాను బీరువా మీద పెట్టాను. ఇప్పుడు నల్లా నీళ్లనే డ్రమ్ములో పట్టి మారుస్తున్నాను. పలుచన చేసి పరీక్షిస్తే తొట్టి 60 దగ్గరికి దిగింది. ఇప్పుడు రంగు ఎరుపు నుంచి నారింజ వైపు రావడం కంటికే తెలుస్తోంది. సక్కర్ చేపను పెద్ద తొట్టి ఉన్న మిత్రుడికి ఇచ్చాను. మనీప్లాంట్ జాలీ వెనుక పెట్టాను, ఇంకా తెల్ల వేళ్లు రాలేదు.

బాబు పాలకు నల్లా నీళ్లనే కాచి చల్లార్చి వాడుతున్నారు. బోరు నీటి ల్యాబ్ నివేదిక వచ్చింది. అందులో నైట్రేట్ ఎదురుగా 9.6 అని ఉంది. కిట్‌లో 40 వచ్చినది ల్యాబ్‌లో 9.6 ఎలా అయిందో అర్థం కావడం లేదు. కిట్ తప్పు చూపిందా? 9.6 అయితే బోరు నీళ్లు నిర్భయంగా వాడుకోవచ్చని ఇంట్లో అంటున్నారు.

నీటిలెక్క

తొందరపడవద్దని చెప్పండి. నివేదికలో ఆ అంకె పక్కన నైట్రేట్ యాజ్ నైట్రోజన్ అనో, నైట్రేట్ తరువాత అడ్డగీత, దాని పక్కన ఎన్ అక్షరమో ఉందేమో చూడండి. కొన్ని ప్రయోగశాలలు మొత్తం నైట్రేట్ బరువును కాకుండా అందులోని నత్రజని బరువును మాత్రమే రాస్తాయి. మీ కిట్ చూపేది మొత్తం నైట్రేట్. నత్రజని అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. 9.6ను గుణిస్తే 42.5. మీ కిట్ చూపిన 40కి ఇది సరిగ్గా సరిపోతోంది కాబట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఐఎస్ 10500లోని 45 అన్న గీత కూడా మొత్తం నైట్రేట్‌కు పెట్టినదే. 9.6ను తీసుకెళ్లి 45 పక్కన పెట్టి పోల్చకూడదు.

కాబట్టి మీ బోరు గీతకు లోపలే ఉంది, కానీ అంచున ఉంది. పెద్దలు వంటకు వాడినా ఆందోళన పడనక్కరలేదు. బాబుకు మాత్రం నల్లా నీళ్లనే కొనసాగించండి. వానాకాలం తరువాత అదే బోరు నుంచి మరో సీసా పరీక్షకు ఇచ్చి, ఈసారి ఫలితాన్ని మొత్తం నైట్రేట్‌గా రాసి ఇవ్వమని అడగండి. వీలైతే పక్కింటివారి బోరు నీటిని కూడా వారితో పరీక్ష చేయించండి, వారింట్లోనూ పసిపిల్లలు ఉండవచ్చు.

గోపాలపూర్ వాసి

నివేదికను మళ్లీ చూశాను. మీరన్నట్టే నైట్రేట్ పక్కన చిన్న అక్షరాలలో యాజ్ నైట్రోజన్ అని ఉంది. పక్కింటివారికి ఈ రోజే చెబుతాను.